పై గడిలో ఉన్నదే

ఫిబ్రవరి 5, సోమవారం

ఫినిష్ షెడ్యూల్ వెనక్కి వచ్చింది. తప్పులున్నాయని కాదు. చూడటానికి బాగాలేదని.

పళ్ల ఆసుపత్రి ప్రాజెక్టు. రెండు అంతస్తులు, ముప్ఫై ఒక్క గదులు. ఏ గదికి నేల ఏమిటి, గోడ అడుగున పట్టీలా వేసే స్కర్టింగ్ ఏమిటి, గోడకి ఏ రంగు, సీలింగ్ ఏమిటి. ముప్ఫై ఒక్క వరసలు, నాలుగు కాలమ్‌లు, నూట ఇరవై నాలుగు గళ్లు. అన్నీ నింపాను. రెండుసార్లు సరిచూశాను. పెద్దసారు కాగితాన్ని చెయ్యి చాపినంత దూరంలో పెట్టుకుని చూసి, ఏమ్మా వదినా, ఇది టేబులా చీమల బారా అన్నారు. ఆసుపత్రి డాక్టరమ్మ అంతకంటే ఘాటుగా అన్నారట. రోజూ నలభై మంది చేత నోరు తెరిపిస్తాను, నా చేత నోరు తెరిపించింది మాత్రం ఈ కాగితమే అని.

మా ఆర్కిటెక్టు ఆఫీసులో అందరికీ నేను వదినని. మా మరిది నాకంటే ముందు ఇక్కడ చేరాడు. మూడు నెలలకే మానేశాడు. పిలుపు మాత్రం ఇరవై రెండేళ్లుగా డ్యూటీలో ఉంది. పెద్దసారు నాకంటే ఆరేళ్లు పెద్ద. ఆయనకీ వదిననే.

ఫిబ్రవరి 6, మంగళవారం

ఫాంట్ మార్చాను. హెడర్ వరస ఎత్తు పెంచాను. మార్జిన్ ఒక మిల్లీమీటరు, తర్వాత ఒకటిన్నర, తర్వాత మళ్లీ ఒకటి. సాయంత్రానికి పొద్దున ఉన్న చోటికే వచ్చాను.

ఇంటికొచ్చాక అత్తయ్య, రోజంతా ఏం చేశావే అని అడిగారు. గళ్ల మధ్య ఖాళీ సరిచేశానని చెప్పాను. అత్తయ్య ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు ప్రూఫులు చూసి రిటైరయ్యారు. ఇప్పటికీ కంట పడ్డ అక్షరాన్నల్లా పెన్సిల్ పట్టుకునే చదువుతారు. మందుల డబ్బా, కరెంటు బిల్లు, సబ్బు రేపర్. మా ఇంట్లో తప్పుల్లేనిది గోడ గడియారం ఒక్కటే, అందులో అంకెలే ఉన్నాయి కాబట్టి. ఆవిడ నా మాట విని, ఖాళీ సరిచేస్తే జీతమిస్తారా, మా కాలంలో నింపితే ఇచ్చేవారు అన్నారు.

ఫిబ్రవరి 8, గురువారం

రిసెప్షన్ గోడ మీద కొత్త బొమ్మ పెట్టారు. మళ్లీ త్రీడీదే.

త్రీడీ అంటే నా పక్క సీటు ఆవిడ. కట్టబోయే బిల్డింగుకి రంగుల బొమ్మలు చేస్తుంది. కిటికీలో వెలుగు, వాకిట్లో చెట్టు, చెట్టు కింద కుక్కని నడిపించే మనిషి. పదకొండు బొమ్మలు ఇప్పటికి గోడెక్కాయి. ఆ కుక్క ఏ ప్రాజెక్టులోనూ పూర్తయిన బిల్డింగు దగ్గర కనబడలేదు. నా టేబుల్స్ చూసి కట్టిన గదుల్లో జనం తిరుగుతున్నారు. ఇరవై రెండేళ్లలో నావి గోడెక్కినవి: సున్న.

ఇది ఏడుపు కాదు. లెక్క.

ఫిబ్రవరి 14, బుధవారం. సాయంత్రం 4:20

దొరికింది.

వారం రోజులుగా నేను గీతలతో కుస్తీ పడుతున్నాను. అసలు గొడవ గీతలది కాదు, మాటలది. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తోంది. ‘ఐవరీ విట్రిఫైడ్ టైల్’ పంతొమ్మిది సార్లు. ‘నాలుగంగుళాల స్కర్టింగ్’ ఇరవై ఆరు సార్లు. టేబుల్ స్టైల్ తెరిచి ఒక్కో ట్యాబ్ చూసుకుంటూ పోతే, నాలుగో ట్యాబ్ అడుగున చిన్న చెక్‌బాక్స్ ఉంది. పై గడిలో ఉన్నదే కింది గడిలోనూ ఉంటే కింద చూపించనక్కర్లేదు అని దాని అర్థం. టిక్ పెట్టాను.

చీమలన్నీ వెళ్లిపోయాయి. పంతొమ్మిది టైల్స్ ఏడయ్యాయి. టేబుల్‌కి ఊపిరాడినట్టు అయింది. గీతల్ని లేత బూడిద రంగులోకి మార్చాను. లేచి నిలబడి చూశాను. వెనక నుంచి త్రీడీ కూడా చూసింది. వదినా, ఇది నువ్వే చేశావా అని అడిగింది. అడిగిన తీరు అంత మర్యాదగా లేదు. అయినా నేను అవునన్నాను.

ఫిబ్రవరి 15, గురువారం

పెద్దసారు స్క్రీన్ ముందుకి వంగి ముప్ఫై ఒక్క వరసలూ చివరిదాకా చూశారు. ఆయన విషయంలో అది రికార్డు. తర్వాత, ఇదీ టేబుల్ అంటే, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావమ్మా అన్నారు.

ఒకటే వంక పెట్టారు. డాక్టరమ్మకి కళ్లజోడు, అక్షరాలు పెంచమన్నారు. రెండున్నర మిల్లీమీటర్లని మూడున్నర చేశాను. టేబుల్ పొడుగై షీట్ దాటిపోయింది. దానికీ ఒక చెక్‌బాక్స్ ఉంది. షీట్ నిండాక మిగతాది దానంతటదే రెండో షీట్‌కి వెళ్తుంది. టిక్ పెట్టాను. నా స్క్రీన్ మీద అది ఒక్క టేబులే, పై నుంచి కింది దాకా. ప్రింట్లు తీసేది త్రీడీ. సైటుకి మూడు సెట్లు పంపింది.

ఫిబ్రవరి 17, శనివారం

గోడెక్కాను.

రెండు షీట్లూ పెట్టాలనుకున్నారు. రెండోది పెడితే స్విచ్‌బోర్డు మూసుకుపోతుంది. అందుకని మొదటి షీట్ ఒక్కటే, ఫ్రేములో. పక్కన త్రీడీ కుక్క. పెద్దసారు అందరినీ పిలిచి, ఇకనుంచి మన ఆఫీసులో ప్రతి షెడ్యూలూ ఈ స్టైల్‌లోనే అన్నారు. స్టైల్‌కి పేరు పెట్టాలి కదా అని ఆయనే కీబోర్డు లాక్కుని టైప్ చేశారు: వదిన.

లిస్టులో ఇప్పుడు నా పేరుంది. ‘స్టాండర్డ్’ కింద, ‘టెస్ట్ 4’ పైన.

ఫిబ్రవరి 18, ఆదివారం

మిగిలిన ప్రింట్ల చుట్ట ఒకటి ఇంటికి తెచ్చాను. వంటింటి అరల్లో పరవడానికి మందపాటి కాగితం బాగుంటుంది. అత్తయ్యే కత్తిరించి పరిచారు. డబ్బాలు పెట్టేలోపు అంతా చదివారట. టీ దగ్గర, పదిహేడో గదికి ఏమీ పెట్టలేదేమే అన్నారు. పైదే అత్తయ్యా, మళ్లీ రాయక్కర్లేదు అని చెప్పాను. పైన ఏమీ లేదే అన్నారు.

ఆవిడకి కళ్లజోడు మార్పించాలి.

మార్చి 4, సోమవారం. మధ్యాహ్నం 12:10

మేస్త్రి సైటు నుంచి ఫోన్ చేశారు. రెండో షీట్‌లో మొదటి వరస గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి, మర్చిపోయారా, కావాలనే వదిలారా అని అడిగారు. కావాలనే అన్నాను. చూడటానికి ఎలా ఉందని అడిగాను. చాలా బాగుంది వదినమ్మగారూ, గాలి ఆడుతున్నట్టుంది అన్నారు. ఆఫీసు బయటి మనిషి నా టేబుల్‌ని మెచ్చుకోవడం ఇదే మొదలు.

పెద్దసారు జుట్టుకి రంగు వేసుకొచ్చారు. షేడ్ నంబరు తెలియదు. చెవుల చుట్టూ అరంగుళం స్కర్టింగ్ కూడా వచ్చింది.

మార్చి 21, గురువారం

‘వదిన’ స్టైల్ ఇంకో రెండు ప్రాజెక్టులకి వాడారు. మొత్తం మూడు.

ఏప్రిల్ 15, సోమవారం

పదిహేడో గది ఏమైందే అని అత్తయ్య అడిగారు. పక్కింటి పిల్ల పరీక్ష ఏమైందని అడిగినట్టు. బాగానే ఉండి ఉంటుందన్నాను.

ఏప్రిల్ 25, గురువారం. మధ్యాహ్నం 3:00

ఆసుపత్రి తెరిచేది మే ఆరున. ఈ రోజు డాక్టరమ్మ పని చూడటానికి సైటుకి వచ్చారు. పెద్దసారు, త్రీడీ, నేను వెంట ఉన్నాం. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కింది అంతస్తులో పదహారు గదులు. డాక్టరమ్మ టైల్స్ మీద చెయ్యి వేసి చూశారు, మెచ్చుకున్నారు. మెట్లెక్కాం. మెట్లు ఎక్కగానే ఎదురుగా పదిహేడో గది, పై అంతస్తు వెయిటింగ్ హాలు. నేల సిమెంటు. గోడలు సిమెంటు. కప్పు సిమెంటు. స్కర్టింగ్ లేదు. ఎవరో రోజుకి రెండుసార్లు ఊడుస్తున్నట్టు శుభ్రంగా ఉంది. దాని వెనక పద్నాలుగు గదులు, అన్నీ మెరిసిపోతున్నాయి.

డాక్టరమ్మ గుమ్మంలోనే ఆగారు. పళ్లన్నీ వరసగా ఉండి ముందు పన్ను ఒక్కటి ఊడినట్టుంది, అదీ పళ్ల ఆసుపత్రిలో అన్నారు. గొంతు పెంచలేదు. అలా పెంచకపోవడం పెద్దసారుకి నచ్చలేదు.

మేస్త్రిని పిలిచారు. టైల్స్, రంగులు, సీలింగ్, మా ఫినిషింగ్ పనులన్నీ పద్నాలుగేళ్లుగా ఆయనవే. ఆయన వచ్చి, కాగితంలో ఆ గదికి ఏమీ లేదు సార్, పెద్దవాళ్లు ఏదో మెషీన్ పెట్టుకుంటారేమో అనుకున్నాం అన్నారు. పై అంతస్తు పని ఆయన బావమరిదిది. కింద పనికి మొదటి షీట్ ఉంచుకుని, రెండోది బావమరిదికి ఇచ్చారట. బావమరిది మొదటి షీట్ మొహం చూడలేదు. పెద్దసారు, ఏమీ లేకపోతే ఫోన్ చేసి అడగవా, నోట్లో నాలుక లేదా అన్నారు. మేస్త్రి, అడిగాను సార్ అన్నారు. ఎవర్ని అని పెద్దసారు.

మేస్త్రి నా వైపు చూడలేదు. గుర్తులేదు సార్ అన్నారు.

పద్నాలుగేళ్ల మనిషివని నమ్మితే అడగని దానికి అడిగానని చెబుతావా అన్నారు పెద్దసారు. శనివారం ఆఫీసుకి రా, ఈ పనీ మిగతా పనులూ ఎవరికి అప్పగించాలో నీ ముందే తేలుస్తాను అన్నారు. బావమరిది ఏదో అనబోతే మేస్త్రి కళ్లతోనే ఆపేశారు.

తిరిగి కారులో బయల్దేరాం. త్రీడీ కిటికీలోంచి బయట ఒక కుక్కని చూసింది.

అదే రోజు. సాయంత్రం 6:30

వంటింట్లో రెండో అరలోంచి డబ్బాలు దింపాను. షీట్ అక్కడే ఉంది. రెండో షీట్.

పైన హెడర్: నేల, స్కర్టింగ్, గోడ, సీలింగ్. దాని కింద మొదటి వరస: 17, వెయిటింగ్ హాలు. తర్వాత నాలుగు ఖాళీ గళ్లు. ఆ గళ్లలో ఉండాల్సింది పదహారో వరసలో ఉంది. పదహారో వరస మొదటి షీట్ అడుగున ఉంది. మొదటి షీట్ ఫ్రేములో, ఆఫీసు గోడ మీద ఉంది.

ఖాళీ గళ్లు ఇప్పుడు ఖాళీగా లేవు. పెన్సిల్‌తో, గుండ్రటి చేతిరాతతో నింపి ఉన్నాయి. ఐవరీ టైల్. నాలుగంగుళాల స్కర్టింగ్. లేత పసుపు. జిప్సమ్ సీలింగ్. నాలుగూ కరెక్టే. మొదటి షీట్ మా ఇంటికి రానేలేదు కదా, మీకెలా తెలిసింది అత్తయ్యా అని అడిగాను. కింద ఎక్కువ గదులకి ఏముంటే దీనికీ అదే, గదుల్లో పంక్తిభేదమేమిటి అన్నారు. రెండు నెలల నుంచి చెబుతున్నా కదే, నువ్వు నా కళ్లజోడు మార్పించావు అన్నారు.

నిజం. మార్చిలోనే మార్పించాను. కొత్త జోడుతో చూసినా ఆ గళ్లు ఖాళీగానే కనబడ్డాయట.

ఈ డైరీలో మార్చి 4 తీశాను. తారీఖు, వేళ అన్నీ ఉన్నాయి. ఆయన అడిగింది ఉంది. నేను చెప్పింది ఉంది. రెండో షీట్, మొదటి వరస అని ఆయన అంత స్పష్టంగా చెబితే నాకు చెవికెక్కింది ఒక్క మాటే. బాగుంది.

ఏప్రిల్ 26, శుక్రవారం

చెప్పలేదు. పెద్దసారు మీటింగులో ఉన్నారు. మీటింగ్ అయ్యాక ఫోనులో ఉన్నారు. ఫోను అయ్యాక నేను టీకి వెళ్లాను.

మధ్యాహ్నం కూర్చుని తప్పుల టేబుల్ ఒకటి చేశాను. అలవాటు. నాలుగో ట్యాబ్‌లో టిక్ పెట్టింది ఎవరు. టేబుల్‌ని రెండు షీట్లుగా విరిచే టిక్ పెట్టింది ఎవరు. రెండో షీట్ ఒక్కసారైనా చూడనిది ఎవరు. ఫోనులో కావాలనే అన్నది ఎవరు. అత్తయ్య మాట కొట్టిపారేసింది ఎవరు. నిన్న సైటులో నోరు మెదపనిది ఎవరు. ఆరు వరసలు. మొదటి గడిలో ‘నేను’ అని వచ్చింది. మిగతా అయిదూ పై గడిలో ఉన్నదే కాబట్టి ఖాళీగా ఉన్నాయి.

చూడటానికి చాలా శుభ్రంగా ఉంది.

రిసెప్షన్‌లో ఫ్రేము ముందు ఎవరో క్లయింటు నిలబడి ఫోనుతో ఫోటో తీసుకుంటున్నాడు. కాసేపు ఉండి చూశాను. అతను తీసింది కుక్క బొమ్మని కాదు.

ఏప్రిల్ 27, శనివారం. ఉదయం 11:15

మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. కుర్చీ అంచున కూర్చున్నారు. పెద్దసారు మొదలుపెట్టబోతుంటే నేను లోపలికి వెళ్లి, మేస్త్రి ఫోన్ చేసింది నాకే, కావాలనే ఖాళీగా వదిలానని చెప్పింది నేనే అన్నాను. ఒక్క గుక్కలో అన్నాను. రెండో గుక్క తీసుకుంటే ఆగిపోతానని తెలుసు.

పెద్దసారు నమ్మలేదు. వదినా, నీకు జాలి ఎక్కువ, మేస్త్రిని కాపాడటానికి చెబుతున్నావు, నువ్వు ఇరవై రెండేళ్లలో ఒక్క గడి తప్పుగా నింపావా అన్నారు. నింపలేదు సార్, నింపకపోవడమే తప్పు అన్నాను. అయినా తల అడ్డంగా ఊపుతున్నారు. మేస్త్రి కూడా, వదినమ్మగారికి ఇందులోకి రావాల్సిన పని లేదు సార్ అన్నారు. ఇద్దరూ కలిసి నన్ను నిర్దోషిని చేసేలా ఉన్నారు.

రుజువుందని చెప్పి డైరీ తెచ్చాను. మార్చి 4 పైన మూడు లైన్లు చదివి మూసేద్దామనుకున్నాను. పెద్దసారు చెయ్యి చాపారు. రాతపూర్వకమైనది నేనే చదువుతాను అన్నారు. అది ఆయన పాత అలవాటు. కొటేషన్ అయినా, శుభలేఖ అయినా ఆయనే చదవాలి.

ఇచ్చాను. అప్పుడు గుర్తొచ్చింది.

ఆయన పైకి చదివారు. రెండో షీట్, మొదటి వరస, కావాలనే, బాగుంది, గాలి. అక్కడ ఆగి నా వైపు చూశారు. పేజీలో ఇంకా మిగిలి ఉంది. అదీ పైకే చదవడం మొదలుపెట్టారు. పెద్దసారు జుట్టుకి, అన్నారు. తర్వాత మనసులో చదువుకున్నారు. ఎడమ చెయ్యి మెల్లగా చెవి దాకా వెళ్లింది. వెనక్కి వచ్చింది.

మేస్త్రి తలెత్తి ఫ్యాను వైపు చూశారు.

డైరీ మూసి నా చేతిలో పెట్టి, సరే, రిపోర్టు పక్కాగా ఉంది అన్నారు. మేస్త్రికి సారీ చెప్పారు. ఆయన సారీ చెప్పడం నేను చూడటం ఇది రెండోసారి. మొదటిసారి ఎవరి కాలో తొక్కారు. పదిహేడో గది మెటీరియల్ ఖర్చు ఆఫీసుది అన్నారు. పని మే ఆరు లోపల అవుతుందా అని అడిగారు. మేస్త్రి, రేపు పొద్దున్నే మొదలెడతాం సార్ అన్నారు. తర్వాత పెద్దసారు నన్ను చూసి, ఆ స్టైల్ తీసెయ్యి అన్నారు.

బయట మెట్ల దగ్గర మేస్త్రిని ఆపి, గుర్తులేదని ఎందుకన్నారు అని అడిగాను. పద్నాలుగేళ్లుగా వదినమ్మా అని పిలిచి ఆ నోటితోనే ఎలా పట్టిస్తాను అన్నారు. మొన్న ఆఫీసుకొచ్చినప్పుడు గోడ మీద మీ షీట్ చూశాను, మీ మొహమూ చూశాను అన్నారు. నేను ఏదో అనబోయాను. ఆయన అక్కడితో ఆపలేదు. ఇక మంచి మాటలయిపోయాయి, అసలు సంగతి వినండి అన్నట్టు చేతులు కట్టుకున్నారు. ఆ రోజు ఫోనులో బాగుందా అని అడిగారు గానీ అర్థమయిందా అని అడగలేదే తల్లీ అన్నారు. బాగుందా అంటే బాగుందన్నాను, మీ చీరె గురించి అడిగినా అదే చెప్పేవాడిని అన్నారు. సోమవారం వస్తాను, కాగితం సైటులో ఎవరు ఎలా చదువుతారో చెబుతాను, రాసుకోండి, మీకు రాసుకునే జబ్బు ఎలాగూ ఉంది అన్నారు.

ఏప్రిల్ 29, సోమవారం

ఉదయం ఫ్రేము దింపాను. గోడ మీద దీర్ఘచతురస్రం మిగిలింది, చుట్టూ ఉన్న రంగు కంటే ఒక షేడ్ తెల్లగా. త్రీడీ వచ్చి కాసేపు నిలబడి, కుక్కని అటు జరపనా వదినా అని అడిగింది. వద్దన్నాను. ఆ మాట మంచి మనసుతోనే అంది. నేను ఇదివరకు రాసిన లెక్కల్లో ఈవిడ వరస కొంచెం సరిచేసుకోవాలి.

పది గంటలకి మేస్త్రి వచ్చి నా స్క్రీన్ ముందు కూర్చున్నారు. ఆయన చెప్పినవి:

సైటులో కాగితం బల్ల మీద ఉండదు, గోడకి అంటించి ఉంటుంది. చదివేవాడు నాలుగడుగుల దూరంలో ఉంటాడు, చేతుల్లో తడి సిమెంటు ఉంటుంది కాబట్టి కాగితం పట్టుకోడు. దుమ్ములో బూడిద రంగు గీత కనబడదు, నల్లగా కొట్టండి. వరస పొడుగు, ఎడమ నుంచి చదువుతూ కుడి చివరికి వచ్చేసరికి ఏ గదిలో ఉన్నామో మర్చిపోతాం, గది నంబరు రెండు చివర్లా పెట్టండి. ఒక అంతస్తుకి ఒక షీట్, ఎవరి షీట్ వాళ్లకి. పైదే, కిందిదే, పక్కదే అని మాకు పొడుపుకథలు వద్దు, ప్రతి గడిలో పూర్తి మాట రాయండి. ఏమీ చెయ్యకూడని గది ఉంటే ఏమీ చెయ్యొద్దు అని అదీ రాయండి.

ఖాళీ అంటే ఏమిటో ఊహించే పని మాది కాదమ్మా, మాకు టైల్స్ కొయ్యడమే తెలుసు అన్నారు. తర్వాత, అయినా పదిహేడు ఒక్కటే మేము ఊహించి చేసిన గది, అదీ ఎంత నీట్‌గా ఊడ్చామో చూశారు కదా అన్నారు.

అన్నీ పెట్టాను. అక్షరాల ఎత్తు అయిదు. నల్ల గీతలు. నంబర్లు రెండు వైపులా. నాలుగో ట్యాబ్‌కి వెళ్లి టిక్ తీసేశాను. పంతొమ్మిది టైల్స్ తిరిగొచ్చాయి. వాటితో పాటు ఇరవై ఆరు స్కర్టింగులూ.

పెద్దసారు అటుగా వెళ్తూ ఆగి, అప్పుడు చీమలు, ఇప్పుడు ఏనుగులు అన్నారు. తర్వాత, కనబడని గళ్లతో దెబ్బ తిన్నాం కాబట్టి ఏనుగులే ఉండనీ అన్నారు. జుట్టు సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. స్కర్టింగ్ మాత్రం ఇవాళ లేదు.

‘వదిన’ స్టైల్ డిలీట్ చేశాను. ఖాయమేనా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. ఇన్నాళ్లలో అది నన్ను అడిగిన మంచి ప్రశ్న ఇదొక్కటే. మిగతా రెండు ప్రాజెక్టుల షీట్లు తీసి చూశాను. ఒకదాంట్లో రెండో షీట్ మొదటి వరస ఖాళీ. ఫోన్ చేశాను. పని ఇంకా మొదలవలేదు.

కొత్త స్టైల్‌కి పేరు పెట్టమంది. ఎవరి పేరూ పెట్టలేదు. ‘17’ అని పెట్టాను.

మే 3, శుక్రవారం

పదిహేడో గది పూర్తయింది. సైటుకి వెళ్లి చూశాను. టైల్స్ కొత్త బ్యాచ్, పదహారో గది కంటే వెంట్రుకవాసి పసుపు. అది తెలిసింది ముగ్గురికే. మేస్త్రి, ఆయన బావమరిది, నేను. డాక్టరమ్మకి పళ్లలో కనబడుతుందేమో గానీ నేలలో కనబడదు అని బావమరిది ధైర్యం చెప్పాడు.

కొత్త షీట్ మెట్ల గోడకి అంటించి ఉంది. ఫ్రేము లేదు. ఒక మూల చిరిగింది. పదిహేడో వరస మీద సిమెంటు వేలిముద్రలున్నాయి, ఎడమ చివర నుంచి కుడి చివర దాకా, ప్రతి గడి మీదా ఒకటి. చేతులు తడిగా ఉంటాయి, కాగితం ముట్టుకోరు అని చెప్పారు కదా అని మేస్త్రిని అడిగాను. వేలు పెట్టి చదివి వినిపించమని నేనే చెప్పాను, మా వాడి మీద నమ్మకం లేక అన్నారు.

ఫోటో తీసుకున్నాను. ఒక్కటే.

మే 13, సోమవారం. ఉదయం 10:00

అత్తయ్య పంటికి ఆసుపత్రికి తీసుకెళ్లాను. పదిహేడో గదిలో కూర్చోబెట్టారు. కొత్త కళ్లజోడు సర్దుకుని నేల చూశారు. స్కర్టింగ్ చూశారు. గోడ చూశారు. మెడ వెనక్కి వంచి సీలింగ్ చూశారు.

చేతిసంచీలోంచి పెన్సిల్ తీశారు. మళ్లీ లోపల పెట్టేశారు.